అద్దకం బొమ్మల కోసం ఒరాంజ్ దాకా

మా అమ్మాయి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. చదువు అయిపోయేలోపు ఒక్కసారైనా వచ్చి వెళ్ళమని వెళ్ళిన రోజు నుంచీ గోల. నేను టీచర్‌గా రిటైరయ్యాను, మా ఆయన సర్వే డిపార్ట్‌మెంట్‌లో అంతకు రెండేళ్ళ ముందే రిటైరయ్యారు. ఇంక సాకు చెప్పడానికేమీ మిగల్లేదు. సరే వస్తాం అన్నాం.

అప్పట్నుంచీ మా అపార్ట్‌మెంట్‌లో అందరూ ట్రావెల్ ఏజెంట్లే. ఈఫిల్ టవర్, అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్ మంచు కొండలు, అక్కణ్ణుంచి వెనిస్ పడవ. పై ఫ్లోర్ ఆవిడ అయితే పది రోజుల్లో ఏడు దేశాలు చూసొచ్చానని ఫోటోలు తీసి చూపించింది. ఏది ఏ దేశమో ఆవిడకే గుర్తు లేదు. బస్సు దిగడం, ఫోటో, బస్సు ఎక్కడం.

నేను మా అమ్మాయితో ఒకటే అడిగాను. "చిన్నీ, నీ దగ్గర నాలుగు రోజులుంటాం. తర్వాత ఒరాంజ్ అనే ఊళ్ళో మూడు రాత్రులు ఉండాలి. ఇంకేమీ వద్దు."

"ఒరాంజా? అక్కడ ఏముందమ్మా? అర పూట చాలు."

ఇంటర్నెట్‌లోనూ అదే మాట. రోమన్ల నాటి థియేటర్ గంటన్నర, ఆర్చి అరగంట, తర్వాత పక్కనున్న అవిన్యోన్‌కి బయల్దేరండి అని. అసలు ఆ ఊరి గురించి వెతకడమే ఒక పెద్ద పని. ఇంగ్లీషులో ఆరెంజ్ అని ఊరి పేరు కొడితే ముందు పండు వస్తుంది, తర్వాత ఫోన్ కంపెనీ, ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఇంకో ఊరు. మనకు కావలసింది దక్షిణ ఫ్రాన్స్‌లో, రోన్ నది లోయలో ఉన్న చిన్న ఊరు.

అక్కడే ఎందుకంటే మా నాన్న గురించి చెప్పాలి. మాది బందరు దగ్గర పెడన. నాన్న అద్దకం పని చేసేవాడు. బల్ల మీద గోనె పట్టాలు మెత్తగా పరిచి, దాని మీద గుడ్డ పరిచి, టేకు అచ్చుని రంగు తొట్టిలో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క పోటు. అచ్చు పక్కన అచ్చు. రోజంతా ఇంట్లో ఆ దబ్ దబ్ చప్పుడే. బడి నుంచి వచ్చేటప్పుడు వీధి మొదట్లోనే వినిపించేది, చప్పుడు లేకపోతే నాన్నకి ఒంట్లో బాగాలేదని అర్థం.

మా చిన్నప్పుడు మాకు అంతుపట్టనిది ఎరుపు. గుడ్డని ముందు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళల్లో ముంచి ఆరేస్తారు. నల్ల గీతల అచ్చు వేస్తారు. ఆ నలుపు ఇనప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన నీళ్ళు. తర్వాత ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళ అచ్చు వేస్తారు. అప్పుడు చూస్తే అక్కడ ఎరుపే ఉండదు. ఏదో తడి మరకలా ఉంటుంది అంతే. ఆ గుడ్డని కాలవలో పారే నీళ్ళల్లో ఉతికి, చిరువేరో మంజిష్ఠో వేసిన రాగి బానలో ఉడకబెడితే, పటిక పడ్డ చోటల్లా ఎర్రగా పైకి లేస్తుంది. మిగతా చోట అంటిన రంగు ఉతుకులకీ ఎండకీ పోతుంది. బాన దగ్గర నిలబడి చూస్తుంటే లోపల ఎవరో కూర్చుని బొమ్మ వేస్తున్నారా అనిపించేది.

యూరప్ వాళ్ళకి చాలా కాలం అర్థం కానిదీ ఇదే. మా వైపు నుంచి ఓడల్లో వెళ్ళిన గుడ్డల్ని వాళ్ళు ఎన్నిసార్లు ఉతికినా రంగు పోలేదు. వాళ్ళు వేసిన రంగు ఒక్క ఉతుక్కే కారిపోయేది. ఫ్రెంచి వాళ్ళు 1669లో బందరులో వర్తకం పెట్టుకున్నారు, ఆ గుర్తుకి ఫ్రెంచిపేట ఇప్పటికీ ఉంది. మా ఆడబడుచు అక్కడే ఉంటుంది. ఆ పేటలో ఫ్రెంచి ముక్క వచ్చినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

వాళ్ళ దేశంలో మన గుడ్డల మోజు ఎంత ముదిరిందంటే, పట్టు నేసేవాళ్ళూ ఉన్ని నేసేవాళ్ళూ రాజు దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నారు. 1686లో ఆ గుడ్డలు తేవడం, అక్కడ అద్దడం రెండూ నిషేధించారు. వాళ్ళు ఈ గుడ్డల్ని 'అందియెన్' అనేవాళ్ళు, అంటే ఇండియావి అని. కట్టుకోవడం కూడా తప్పే. డెబ్బై మూడేళ్ళు నడిచింది ఆ నిషేధం, 1759లో ఎత్తేశారు. మన ఆడవాళ్ళకి ఎవరైనా డెబ్బై మూడేళ్ళు ఫలానా చీర కట్టొద్దంటే ఏమవుతుందో అక్కడా అదే అయింది. దొంగచాటుగా కొన్నారు, కట్టారు.

ఈ మధ్యలో ఒక ఫాదరీ. పేరు కెర్దూ, జెసూట్ గురువు. తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు నిఘంటువు రాశాడు. 1742లో ఆయన ఇక్కణ్ణుంచి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. కరక్కాయ, పాలు, పటిక, వేరు, ఏది ముందు ఏది తర్వాత, అంతా. మా నాన్న బతికుంటే ఈ సంగతి చెప్పి ఏమంటాడో చూడాలని ఉండేది. పని రహస్యం బయటివాడికి చెప్తే ఆయనకి ఒళ్ళు మండేది. పక్కింటి వాళ్ళకే చెప్పేవాడు కాదు.

ఇక ఒరాంజ్. 1750ల చివర్లో జాన్-రొడోల్ఫ్ వెట్టెర్ అనే స్విస్ దేశస్థుడు ఆ ఊళ్ళో అద్దకం ఫ్యాక్టరీ పెట్టాడు. 1764లో రొసెట్టి అనే చిత్రకారుడి చేత తన ఫ్యాక్టరీ బొమ్మలు వేయించుకున్నాడు. పొడవాటి బల్లలు, వాటి ముందు వరసగా కూర్చుని పనిచేస్తున్న ఆడవాళ్ళు, చూడ్డానికి వచ్చిన ఖరీదైన బట్టల పెద్దమనుషులు. ఆ బొమ్మలు ఇప్పటికీ ఆ ఊరి మ్యూజియంలోనే ఉన్నాయి. వాటిలో ఒకదాని ఫోటోని మొదటిసారి బందరులో అద్దకం మీద జరిగిన ఒక మీటింగ్‌లో తెర మీద చూశాను. చప్పట్లయ్యాక కూడా నేను ఆ బల్లల్నే చూస్తూ కూర్చున్నాను. బల్ల ఎత్తు కూడా మా ఇంటి బల్లలాగే అనిపించింది. ఒక్క తేడా ఉంది. యూరప్‌లో అచ్చుని పిడికిలితో కాదు, చెక్క సుత్తితో కొట్టేవాళ్ళు. ఆ సుత్తి ఉండుంటే నాన్న కుడి అరచెయ్యి అంత బండబారేది కాదు.

అదీ సంగతి. ఆ బొమ్మల ముందు ఒక పూటంతా కూర్చోవాలి. మర్నాడు మళ్ళీ వెళ్ళాలి. అందుకే మూడు రాత్రులు.

ఎప్పుడు వెళ్ళాలన్నది ముందు తేలాలి కదా. జులై వద్దు. ఆ నెలలో అవిన్యోన్‌లో నాటకాల పండగ, ఒరాంజ్‌లో కొరెజీ అనే సంగీతోత్సవం. 1869 నుంచి జరుగుతోంది, రెండువేల ఏళ్ళ నాటి రోమన్ థియేటర్‌లోనే రాత్రిళ్ళు ఒపేరాలు. వినడానికి బాగుంది గానీ గదుల రేట్లు చూసి కళ్ళు తిరిగాయి. పైగా ఎండ. విజయవాడ నుంచి ఎండ కోసం అంత దూరం వెళ్ళడం ఎందుకు? అక్టోబరు అంటే మా అత్తయ్య గారు ఒప్పుకోలేదు. "మహాలయ పక్షాల్లో ప్రయాణాలేంటమ్మా, అబ్బాయి ఇక్కడ ఉండాలి." దసరాకి ఇల్లు వదిలి వెళ్ళే ప్రశ్నే లేదు. చివరికి పంచాంగం ముందేసుకుని కూర్చుంటే వినాయక చవితికీ మహాలయానికీ మధ్య ఖాళీ కనపడింది. ఈసారి అధిక మాసం వచ్చింది కాబట్టి ఆ ఖాళీ సరిగ్గా సెప్టెంబరు రెండో సగంలో పడింది. అక్కడ ద్రాక్ష కోతల కాలం. ఎండ తగ్గి ఉంటుంది, చలి ఇంకా రాదు. యూరప్ ట్రిప్పుకి డేట్లు భాద్రపద మాసం చూసి పెట్టుకున్నది మేమేనేమో.

గాలి సంగతి మాత్రం మా అమ్మాయి చెప్పింది. మిస్ట్రాల్ అని ఉత్తరం నుంచి రోన్ లోయ వెంట దిగే పొడి గాలి. మొదలైతే రోజుల తరబడి వీస్తుందట. పొలాల అంచున సైప్రస్ చెట్లని గోడలా పెంచేది ఆ గాలికి అడ్డంగానే. మన సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు వేసినట్టు. చీరలు మడత పెట్టే ముందు ఇది ఆలోచించాను. సిల్కు చీర ఆ గాలిలో నిలవదు. రెండు కాటన్ చీరలు, మిగతావి చుడీదార్లు, ఒక స్వెటర్.

వీసా గురించి కొంచెం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఫ్రాన్స్‌కి కావలసిన షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు. సర్వీసు చార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయవచ్చు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. పాస్‌పోర్టు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి. అమ్మాయి ఇంట్లోనే ఉంటామని చూపించాలంటే తను అక్కడి మునిసిపల్ ఆఫీసు నుంచి ఆతిథ్యం ఇస్తున్నట్టు కాగితం తేవాలి, దానికి 30 యూరోల స్టాంపు. వాళ్ళు ఇల్లు సరిపోతుందా అని కూడా చూస్తారు. మా అమ్మాయి గదిలో మంచం తీస్తే తప్ప తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఆ కాగితం జోలికి పోకుండా హోటళ్ళే బుక్ చేసుకున్నాం, రద్దు చేసుకునే వీలున్నవి.

కాగితాలన్నీ సర్దుకున్నాక అసలు టెన్షన్ ఇంటిపేరుతో వచ్చింది. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు పూర్తిగా, వేరే గడిలో ఉంది. బ్యాంకు పుస్తకంలో ముందు పొడి అక్షరం. పెన్షన్ కాగితంలో నా పుట్టింటి ఇంటిపేరు. సర్వీసులో చేరింది పెళ్ళికి ముందు, అప్పుడు మార్చుకోవాలని తోచలేదు. ఇన్సూరెన్స్ తీసిన అబ్బాయి ఏం చేశాడంటే ఆ పొడి అక్షరాన్నే ఇంటిపేరు గడిలో కొట్టేశాడు. అంటే ఆ పాలసీ ప్రకారం నేను ఒంటి అక్షరం వంశస్థురాలిని. అపాయింట్‌మెంట్‌కి రెండు రోజుల ముందు రాత్రి పదకొండింటికి చూసుకున్నాను ఇది. నిద్ర ఎక్కడిది? పొద్దున్నే మళ్ళీ తీయించి, మూడు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి జత చేశాం. మీరు వెళ్ళేలా ఉంటే ముందు ఇదే చూసుకోండి. బ్యాంకు బ్యాలెన్సు కంటే ఇదే నన్ను ఎక్కువ ఏడిపించింది. పదిహేడో రోజున స్టాంపు పడిన పాస్‌పోర్టులు ఇంటికి వచ్చాయి.

హైదరాబాదు నుంచి దుబాయ్ మీదుగా లియాన్. అక్కణ్ణుంచి ఒరాంజ్‌కి రైలు. ఫ్రాన్స్‌లో టీజీవీ అనే హైస్పీడు రైలు టికెట్లు విమానం టికెట్ల లాంటివి, రోజులు గడిచేకొద్దీ పెరుగుతాయి. కానీ మాకు టీజీవీ అక్కర్లేదు. లియాన్ పార్-ద్యో స్టేషన్ నుంచి టీఈఆర్ అనే ప్యాసింజర్ లాంటి రైలు నేరుగా ఒరాంజ్‌లో ఆగుతుంది. రెండు గంటలు. రిజర్వేషన్ లేదు, ఖాళీ ఉన్న చోట కూర్చోవడమే. మా ఆయనకి ఇది బాగా నచ్చింది. "మన గుడివాడ ప్యాసింజరే." అమ్మాయికి క్లాసులున్నాయి, మమ్మల్ని మంగళవారం రైలెక్కించి పంపేస్తుంది. దిగడం, హోటల్ వెతుక్కోవడం, తినడం అంతా మా ఇద్దరిదే. శుక్రవారం తిరుగు రైలు.

మంగళవారం నుంచి శుక్రవారం అని పెట్టుకోవడానికి కారణం ఉంది. ఆ ఊళ్ళో గురువారం పొద్దున సంత. ఆలివులు, మెలన్లు, తేనె, సబ్బులు, గుడ్డలు. ఆ గుడ్డలు ముఖ్యం. ఆ ప్రాంతంలో టేబుల్ క్లాతుల మీద, పరుపు కవర్ల మీద ఇప్పటికీ కనపడే డిజైను మన మామిడి పిందె. నాన్న దగ్గర మామిడి పిందె అచ్చులు తొమ్మిదో పదో ఉండేవి, బొటన వేలంత దాని నుంచి అరచెయ్యంత దాని దాకా. మూడువందల ఏళ్ళ కింద ఇక్కణ్ణుంచి వెళ్ళిన పిందె అక్కడ దుకాణంలో తూకానికి కాదు, మీటర్ల లెక్కన అమ్ముతుంటే బేరమాడాలని ఉంది. మెషిన్ ప్రింటే అయ్యుంటుంది లెండి.

మా ఆయన మొదట్లో నా పిచ్చిని ఓపిగ్గా భరించారు అంతే. ఆయన మారింది ఒక సాయంత్రం. అదే మ్యూజియంలో ఇంకేమున్నాయో చదువుతూ, "మీ వాళ్ళ పని కూడా ఉందండీ ఇక్కడ" అన్నాను. పేపరు పక్కన పెట్టి వచ్చారు. రోమన్లు ఆ ఊరి చుట్టుపక్కల భూములన్నీ చదరాలుగా కొలిచి, పాలరాతి పలకల మీద చెక్కించి గోడకి పెట్టారు. క్రీస్తు శకం 77లో, వెస్పేజియన్ చక్రవర్తి హుకుం మీద. ఏ చెక్క ఎవరిది, ఏది రిటైరైన సైనికులకి ఇచ్చింది, ఏది కౌలుకి పోయింది, శిస్తు ఎంత, అంతా. 1949లో ఒక బ్యాంకు కోసం తవ్వుతుంటే వందల ముక్కలుగా బయటపడ్డాయి. ఒక్కో చదరం పక్కకి దాదాపు 710 మీటర్లు, యాభై హెక్టార్లు.

మా ఆయన ఆ ఫోటో చూసి పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "ఇది అడంగలే" అన్నారు. ఇంకాసేపటికి, "రాయి మీద చెక్కితే దిద్దడానికి ఉండదు. మంచి పద్ధతి." ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు మాట్లాడింది అక్కడ. ఆ రోజు నుంచి ఈ ట్రిప్పు ఆయనది కూడా అయింది. ఆర్చిని చూసినా చూడకపోయినా ఫరవాలేదట, పలకలు మాత్రం ఆయనకి తనివితీరా చూడాలట.

మ్యూజియం థియేటర్ ఎదురుగానే, థియేటర్ టికెట్టుతోనే అందులోకీ వెళ్ళవచ్చు. థియేటర్‌లో అసలు చూడాల్సింది వేదిక వెనక గోడ. పొడవు 103 మీటర్లు, ఎత్తు 37 మీటర్లు, రెండువేల ఏళ్ళుగా నిలబడే ఉంది. తన రాజ్యంలో ఇంత అందమైన గోడ ఇంకోటి లేదని పద్నాలుగో లూయీ అన్నాడని చెప్పుకుంటారు. ఆయనే ఆ పక్క గుట్ట మీది కోటని 1673లో పడగొట్టించాడు. మన గుడ్డల్ని నిషేధించిందీ ఆయనే. గోడని మెచ్చుకున్నాడు కదా అని నేను ఆయన్ని క్షమించదలచుకోలేదు.

ఆ కోట ఆరెంజ్ రాకుమారుల కోట. వాళ్ళు డచ్చి వాళ్ళ నాయకులయ్యారు, డచ్చి ఫుట్‌బాల్ జట్టు వేసుకునే నారింజ రంగు జెర్సీ ఈ ఊరి పేరు మీదే. ఊరి పేరు పండు నుంచి వచ్చింది కాదు, అరౌసియో అనే పాత పేరు అరిగి అరిగి ఇలా అయింది. పండు పేరు మాత్రం మన నారింజే, అరబ్బుల మీదుగా అక్కడిదాకా పోయింది. బందరులో డచ్చి వాళ్ళు ఉన్న చోటు వలందపాలెం, వలంద అంటే హాలండే. నేను బందరులో చదువుకునే రోజుల్లో ఆ పాలెం మీదుగా నడిచి బడికి వెళ్ళేదాన్ని, ఎందుకా పేరని ఒక్క టీచరూ చెప్పలేదు. నేనూ టీచర్నయ్యాక చెప్పలేదు, ఇప్పుడు తెలిసింది కాబట్టి రాస్తున్నా.

తిండి విషయం. అక్కడ మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానే భోజనం, తర్వాత వెళ్తే కాఫీయే గతి. రెండున్నరకి తినే మా ఆయనకి ఇప్పట్నుంచే అలవాటు చేస్తున్నాను. తాపెనాద్ అనే ఆలివు పచ్చడి శాకాహారంలా కనపడుతుంది గానీ చేప కలుస్తుందని అమ్మాయి హెచ్చరించింది. శనివారాలు ఆయన ముట్టరు, మిగతా రోజులు గొడవ లేదు. పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేనివ్వరు, అందుకని నెయ్యి సీసా తీసేశాను. గోంగూర, కంది పొడి పెట్టాను. నెయ్యి లేని కంది పొడి అని అమ్మాయి అప్పుడే మొహం ముడుచుకుంది వీడియో కాల్‌లో. ఏ దుకాణంలోకి వెళ్ళినా ముందు 'బోంజూర్' అనాలట, అనకుండా ధర అడిగితే మర్యాద తెలియని మనిషిగా చూస్తారట. అద్దం ముందు అభ్యాసం చేస్తున్నాను. నాది 'బంజూరు' అని వస్తోంది, ఏదో గవర్నమెంటు భూమిలాగా.

మ్యూజియంకి మా అమ్మాయి చేత ఫ్రెంచిలో మెయిల్ రాయించాను. మేం వెళ్ళే రోజుల్లో అద్దకం బొమ్మల గది తెరిచి ఉంటుందా, కూర్చోవడానికి బల్ల ఉంటుందా అని. "రెండోది కూడా అడగాలా అమ్మా?" అంది. అడగమన్నాను. నా మోకాళ్ళ సంగతి వాళ్ళకేం తెలుసు? జవాబు ఇంకా రాలేదు.

నిన్న సూట్‌కేసు తూచాం. ఇరవై రెండు కేజీలు. నాన్న అచ్చుల్లో చిన్న మామిడి పిందె ఒకటి పాత ముతక చీర ముక్కలో చుట్టి మధ్యలో పెట్టాను. ఒక అంచు విరిగింది, పిడి దగ్గర ఆయన చెయ్యి పట్టిన చోట నున్నగా పల్లం పడింది. దాన్ని అక్కడ ఏం చేస్తానో నాకే తెలీదు, బొమ్మల ముందు చేతిలో పట్టుకుని కూర్చుంటానేమో. బరువు తగ్గించడానికి ఇంకేం తీయాలా అని కింద నుంచి వెతుకుతుంటే తోలు డబ్బాలో ముప్ఫై మీటర్ల కొలత టేపు దొరికింది.

"ఇదెందుకండీ?"

"103 మీటర్లంటున్నారు కదా ఆ గోడ. చూద్దాం."

కంది పొడి ఒక ప్యాకెట్ తీసేశాను.